ఆకాశమునకొక శాసనము

1956 జూన్ 30వ తేదీ ఉదయమున అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నుండి మూడు నిమిషముల వ్యవధిలో రెండు ప్రయాణిక విమానములు బయలుదేరినవి. గ్రాండ్ కాన్యన్ లోయపై, 21,000 అడుగుల ఎత్తున, అవి ఒకదానినొకటి ఢీకొన్నవి. రెండింటిలోను ఉన్న 128 మందిలో ఒక్కరును మిగులలేదు.

ఆ ప్రాంతపు ఆకాశముపై నాడు నియంత్రణ లేదు. ఎదుటి విమానమును కంట చూచి తప్పుకొనుట పైలట్ల బాధ్యతయే. పౌర విమాన శాఖకు రాడార్లు చాలవు; సైనిక విమానములపై దానికి అధికారము లేదు. 1958 ఏప్రిల్‌లో లాస్ వేగస్ సమీపమున ప్రయాణిక విమానమును సైనిక జెట్ ఢీకొనగా 49 మంది మరణించిరి. మే 20న మేరీలాండ్‌లో అటువంటి ప్రమాదమే జరిగి మరి 12 మంది గతించిరి.

మరునాడే సెనేటరు మైక్ మన్రోనీ క్రొత్త బిల్లును ప్రవేశపెట్టెను. ఆయన డెమోక్రాటు, కాంగ్రెసులో ఆధిక్యము ఆ పక్షమునదే. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ రిపబ్లికను. అయినను బిల్లు పక్షముల తగవులో చిక్కుకొనలేదు. మూడు నెలలకే, ఆగస్టు 23న, అధ్యక్షుడు సంతకము చేసెను. పౌర, సైనిక విమానములు రెండింటి రాకపోకలను క్రమపరచు అధికారము ఒకే సంస్థకు సంక్రమించెను.

అయితే శాసనము చేసినంతనే క్షేమము చేకూరదు. దానికి ఏటేట ధనము కావలెను. 1970లో మరల ఒక రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్, డెమోక్రాట్ల కాంగ్రెసు ఆమోదించిన చట్టముపై సంతకము చేయగా, టికెట్ల పన్నుతో ప్రత్యేక నిధి యేర్పడెను. ఆ పన్నునకు గడువు కలదు. గడువు తీరినప్పుడెల్ల ఉభయ పక్షములును కలియవలసినదే.

కలియనిచో ఏమగునో తరువాత తెలిసినది. 2007లో గడువు తీరిన చట్టమును 23 పర్యాయములు తాత్కాలికముగా పొడిగించిరి. 2011 జులైలో అదియు తప్పెను. రెండు వారములు పన్ను వసూలు కాలేదు. సుమారు 4,000 మంది ఉద్యోగులు జీతములు లేక ఇండ్లకడ ఉండిరి. విమానాశ్రయములలో నిర్మాణపు పనులు నిలిచిపోయినవి. దీర్ఘకాలిక చట్టము 2012లో గాని రాలేదు.

2024 మేలో సెనేటు 88-4, ప్రతినిధుల సభ 387-26 ఓట్లతో 2028 వరకు వర్తించు చట్టమును ఆమోదించినవి. ఇంతటి ఏకాభిప్రాయము ఆ సభలలో అరుదు. కాని 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో ప్రయాణిక విమానమును సైనిక హెలికాప్టరు ఢీకొని 67 మంది మరణించిరి. 1958 నాటి ప్రశ్న మరల ఎదురైనది. మరణముల పిమ్మట పక్షములు కలియుట చరిత్రలో పలుమారులు కనిపించును. ప్రమాదము లేని దినములలో కూడ ఆ కలయిక నిలుచునా అనునదే అసలు పరీక్ష.