మనసు లెక్కల్లో మన రావుగారు

ఇక్కడ షార్జాలో, ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట, సైకాలజీ విద్యార్థుల కోసం రాసిన తొలి స్టాటిస్టిక్స్ పాఠాలు చదువుతున్నాను. సగటు, ప్రామాణిక విచలనం, టి-టెస్టు, అనోవా. ఇంజనీరింగులో మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రాలే. అప్పుడు రాని సందేహం ఒకటి ఇప్పుడు వచ్చింది: మనసును కొలిచే ఈ లెక్కలు అసలు ఎక్కడ పుట్టాయి?

కొన్ని మనసుతో ఏ సంబంధమూ లేని చోట్ల పుట్టాయి. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే విలియం గాసెట్, కొద్దిపాటి నమూనాలతో నమ్మదగిన మాట చెప్పడం ఎలాగో ఆలోచించి, 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. టి-టెస్టుకు మూలం అదే. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో పంటల ప్రయోగాల ఫలితాలు తేలుస్తూ రొనాల్డ్ ఫిషర్ అనోవాను తీర్చిదిద్దాడు.

ఆ ఫిషర్ శిష్యుల్లో మన తెలుగాయన ఒకరున్నారు: కల్యంపూడి రాధాకృష్ణ రావు. 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ బడుల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేశారు. సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది దొరకలేదు. ఆ ఊళ్ళోనే మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరారు.

1946లో కేంబ్రిడ్జికి వెళ్ళి, అక్కడి మ్యూజియంలో సూడాన్‌లోని జెబెల్ మోయా నుంచి తవ్వి తెచ్చిన ఎముకల కొలతలు విశ్లేషించారు. ఆ పాతకాలపు మనుషులు ఏ జనసమూహానికి దగ్గర అన్నది ప్రశ్న. ఒక్క కొలత చూస్తే తేలదు. ఎత్తు మాత్రమే చూస్తే ఇద్దరు ఒకేలా అనిపించవచ్చు. ఎత్తూ బరువూ కలిపి చూస్తే తేడా బయటపడుతుంది. అన్ని కొలతలనూ ఒకేసారి, వాటి మధ్య సంబంధంతో సహా లెక్కలోకి తీసుకునే పద్ధతుల్లో రావుగారు దిట్ట.

1949లో ఆయన ప్యాట్రిక్ స్లేటర్‌తో కలిసి ఆ పద్ధతులనే మనసు మీద ప్రయోగించారు. ఆందోళన, హిస్టీరియా వంటి పేర్లతో డాక్టర్లు వేరు చేసిన రోగుల గుంపులు అంకెల్లోనూ వేరుగా కనిపిస్తాయా అని పరిశీలించిన వ్యాసమది. 1955లో ఫ్యాక్టర్ అనాలిసిస్ మీద ఆయన రాసిన వ్యాసం సైకోమెట్రికా పత్రికలో వచ్చింది. బీజగణితం దృష్టిలో ఎముకలైనా ఒకటే, బాధలైనా ఒకటే.

నాకు ఇక్కడే జాగ్రత్త అవసరమనిపిస్తుంది. రెండు గుంపుల సగటులు వేరైనంత మాత్రాన, ఎదురుగా కూర్చున్న మనిషి ఏ గుంపువాడో ఖాయంగా తెలిసిపోదు. గుంపులు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఆ మధ్యలో ఉన్నవాళ్ళకు తగిలించే పేరు తప్పయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఎంత తప్పవుతుందో కూడా లెక్కకట్టి చెప్పడమే ఈ శాస్త్రంలోని నిజాయితీ.

యూఏఈలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళే. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, అరబిక్ వింటూ పెరిగే మన పిల్లలకు తెలివితేటల పరీక్షో, ప్రవర్తన పరీక్షో పెట్టి చేతికి ఒక అంకె ఇస్తారు. ఆ అంకె పిల్లవాడి మనసు లోతు కాదు, ఎక్కడో కొలిచిన మరో గుంపు పక్కన వాడు నిలబడిన చోటు. ఆ గుంపు ఎవరిది? వాళ్ళ ఇళ్ళల్లో ఏ భాష మాట్లాడేవారు? అమ్మానాన్నలు అడగాల్సిన మొదటి ప్రశ్నలు ఇవే.

రావుగారు 2023 ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ ఏడాదే స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఆయనకు దక్కింది. మన పిల్లలకు ఆయన పేరు చెప్పేటప్పుడు, దాంతోపాటు ఈ ప్రశ్న అడగడం కూడా నేర్పుదాం.