గ్రూప్ ఫోటోలో లేనివాళ్ళు: వెనుకబడిన విద్యార్థులకు అండ, నాడు నేడు

ఈ సంచికలో మన బడి తెచ్చుకున్న ర్యాంకుల గురించీ, ఇక్కడ చదివి పెద్ద పదవులకు ఎదిగినవారి గురించీ చాలామంది రాస్తారు. రాయాలి కూడా. నేను మాత్రం ఆరో తరగతిలో మనతోపాటు చేరి, పదో తరగతి గ్రూప్ ఫోటో నాటికి కనిపించకుండా పోయినవాళ్ళ గురించి రాస్తున్నాను. వాళ్ళను నిలబెట్టడానికి మన బడిలోనూ, బయటా ఏమేం జరిగాయో ఒకచోట చెప్పుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సమస్యకు మన దేశంలో పాత చరిత్రే ఉంది. 1929లో హార్టాగ్ కమిటీ దీన్ని రెండు మాటల్లో చెప్పింది. చదువు పూర్తికాకుండా బడి మానెయ్యడం ‘వృథా’, ఒకే తరగతిలో ఆగిపోవడం ‘స్తబ్ధత’. 1964-66 నాటి కొఠారి కమిషన్ కూడా ఈ రెండింటి గురించీ చర్చించింది. అంటే మనం పలక పట్టకముందే జబ్బు పేరు అందరికీ తెలుసు. మందు దగ్గరే ఆలస్యం జరిగింది.

మన ఊళ్ళలో ఈ వృథా ఎలా జరిగేదో మనందరం చూశాం. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మన ప్రాంతంలో వరి పెరిగింది, కూలి పనీ పెరిగింది. నాట్లప్పుడు, కోతలప్పుడు వెనుక బెంచీలు ఖాళీ అయ్యేవి. రెండు వారాల తర్వాత పిల్లవాడు తిరిగి వచ్చేసరికి లెక్కల్లో భిన్నాలు అయిపోయి దశాంశాలు నడుస్తుండేవి. అర్థం కాదు, అడగడానికి సిగ్గు, చెప్పకపోతే దెబ్బలు. మళ్ళీ నాలుగు రోజులు మానేసేవాడు. ఆడపిల్లలైతే ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవాలి, ఏడో తరగతి దాటితే పెళ్ళి మాటలు మొదలయ్యేవి. ఈ వ్యాసం కోసం ప్రధానోపాధ్యాయుల అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేశాను. ‘దీర్ఘకాలం గైర్హాజరు’ అని ఎర్ర సిరాతో కొట్టేసిన పేర్లలో చాలా ముఖాలు నాకు గుర్తొచ్చాయి. వాళ్ళెవరూ ఒక్కరోజున బడి మానలేదు. కొద్దికొద్దిగా జారిపోయారు.

మా రోజుల్లో ఏడో తరగతికి కామన్ పరీక్ష, పదో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేవి. పదిలో ప్రతి సబ్జెక్టులో 35 మార్కులు, హిందీలో 20 వస్తే గట్టెక్కినట్టు. అందుకే బడి చేసే సాయమంతా పదో తరగతి చివరి మూడు నెలల్లోనే ఉండేది. సంక్రాంతి దాటగానే స్టడీ అవర్స్ మొదలు. చాపా దుప్పటీ తెచ్చుకుని వరండాలోనే పడుకునేవాళ్ళం. కరెంటు పోతే పెట్రోమాక్స్ లైటు. లెక్కల సారు రాత్రి తొమ్మిదింటికి టార్చిలైటుతో సైకిల్ మీద వచ్చి ముఖ్యమైన ప్రశ్నలు చేయించేవారు. రూపాయి తీసుకోలేదు. ఆ మూడు నెలల వల్లే పాసైనవాళ్ళు ఈ సంఘంలో ఎందరో ఉన్నారు. కానీ ఆ చాప దాకా రాగలిగినవాళ్ళకే ఆ సాయం అందింది.

అంతకన్నా ముందే పట్టుకున్నది మన తెలుగు సారు. ఆరో తరగతిలో చదవడం రాని పిల్లల్ని మొదటి గంటకు ముందే వేపచెట్టు కింద కూర్చోబెట్టుకునేవారు. పెద్ద బాలశిక్ష, పాత చందమామలు, అంతే సరంజామా. ఎవరినీ మొద్దు అనలేదు, సెక్షన్ మార్చలేదు. అక్కడ చదవడం నేర్చుకున్నవాళ్ళు సాంఘికశాస్త్రం కూడా చదవగలిగారు. దానికి ప్రభుత్వ ఉత్తర్వు లేదు, రికార్డు లేదు. ఆయన బదిలీతో ఆ తరగతీ పోయింది. మన బడి చరిత్రలో నాకు ఇదే పెద్ద పాఠంగా కనిపిస్తుంది. మంచి పని మనిషి మీద ఆధారపడితే ఆ మనిషితోనే వెళ్ళిపోతుంది.

బయట మాత్రం కొన్ని ప్రయత్నాలు వ్యవస్థగా నిలబడ్డాయి. అప్పటి రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని బడికి తేవడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే రెండో రోజే పారిపోతాడు. అందుకని బ్రిడ్జి క్యాంపుల్లో కొన్ని నెలలు ఉంచి చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. ఆ కృషికి ప్రొఫెసర్ శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రంలో బడిలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. 2004లో బడి మానిన ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాల పథకం వచ్చింది.

2009 విద్యాహక్కు చట్టం ఈ ఆలోచనలకు చట్టబలం ఇచ్చింది. నాలుగో సెక్షన్ వయసుకు తగిన తరగతినీ, అందుకు కావలసిన ప్రత్యేక శిక్షణనూ హక్కు చేసింది. ప్రతి పిల్లవాడి స్థాయి గమనించి, అవసరమైతే అదనంగా బోధించడం ఉపాధ్యాయుని విధి అని 24వ సెక్షన్ చెప్పింది. ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపకూడదన్నది అందరికీ తెలిసింది, ఈ అదనపు బోధన సంగతి ఎక్కువమందికి తెలియలేదు. చట్టం వచ్చింది గానీ టైంటేబుల్లో దానికి పీరియడ్ రాలేదు. సిలబస్, ఖాళీ పోస్టులు, ఎన్నికల పనులు, ఆన్‌లైన్ వివరాలు అన్నీ నెత్తిన పెట్టుకున్న ఉపాధ్యాయుల్ని దీనికి తప్పుపట్టడం న్యాయం కాదు.

ఫలితం అంకెల్లో కనిపించింది. 2018 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సుమారు 73 శాతం. అంటే నలుగురిలో ఒకరికి పైగా చదవలేరు. ఢిల్లీలో మాధ్యమిక తరగతుల పిల్లలపై జరిపి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు సగటున లెక్కల్లో రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారని తేలింది. ఎవరి స్థాయికి తగ్గ పాఠం వాళ్ళకు కంప్యూటర్ మీద చెప్పించి, చిన్న బృందాల్లో దగ్గరుండి చదివిస్తే నాలుగున్నర నెలల్లోనే స్పష్టమైన మెరుగుదల కనిపించింది. తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతులకు ‘తొలిమెట్టు’, తర్వాతి ఏడాది ఉన్నత తరగతులకు ‘ఉన్నతి’ వచ్చాయి. మన తెలుగు సారు వేపచెట్టు కింద చేసిన పనికి ఇన్నాళ్ళకు ఒక పేరు దొరికింది.

నేను కాలువల మీద పనిచేసే ఇంజనీరుని. తూము దగ్గర నీటిమట్టం బాగుందని రాసుకుంటే మా పని అయిపోదు. చివరి ఆయకట్టు రైతు మడి తడిసిందా అన్నదే లెక్క. బడిలో మనం ఇన్నేళ్ళూ పదో తరగతి పాస్ శాతం చూసి సంతోషించాం. ఆరో తరగతిలో చేరినవాళ్ళలో ఎంతమంది పది దాకా వచ్చారని ఎవరమూ అడగలేదు. మన సంఘం కూడా పది పిల్లల సాయంత్రం క్లాసులకు ఉడికించిన శనగలు, అరటిపళ్ళు ఇచ్చింది, టాపర్లకు పతకాలు ఇచ్చింది. రెండూ మంచివే. రెండూ చివరి మెట్టు మీద ఉన్నవాళ్ళకే.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర కమాను కట్టాలన్న ప్రతిపాదన ఉంది. కమాను నాకూ ఇష్టమే. కానీ ముందుగా ఒక పీరియడ్ కడదామని నా మనవి. జూన్‌లో ఆరు, ఏడు తరగతుల ప్రతి విద్యార్థి చేత ఉపాధ్యాయులే ఒక పేజీ చదివించి, నాలుగు లెక్కలు చేయించి స్థాయి రాసుకోవాలి. వెనుకబడినవారికి రోజూ ఒక గంట, బడి వేళల్లోనే. ఊళ్ళో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఇద్దరు అమ్మాయిలకు గౌరవ వేతనం మనం ఇద్దాం. ఒక బీరువా నిండా కథల పుస్తకాలు కొందాం. నాట్లు, కోతల తర్వాత తిరిగొచ్చిన పిల్లలకు పోయిన పాఠాలు అక్కడే చెప్పిద్దాం. ‘డల్ సెక్షన్’ అన్న మాట మాత్రం గోడ మీదా నోటి మీదా ఉండకూడదు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఉపాధ్యాయులు నిర్ణయించాలి. మన పని ఖర్చు భరించడం, ఎవరు బదిలీ అయినా అది ఆగకుండా చూడడం.

సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి ఏడాది ఒక టీచరు గౌరవ వేతనం మా బ్యాచ్ తరఫున మేమే ఇస్తాం. రెండో టీచరు బాధ్యత ఏ బ్యాచ్ తీసుకుంటుందో చెప్పండి.