గాలి పలుచనైతే మెదడు నాళాలు ఏం చేస్తాయి

ఎత్తైన కొండల మీద మెదడు గురించి చెప్పేటప్పుడు వచ్చే మాటల్లో మొదటిది ‘ఆక్సిజన్ తక్కువ’. కేదార్‌నాథ్ వెళ్లొచ్చిన మన గోదావరి వాళ్లంతా ఈ మాటే అంటారు. నిజానికి 3,583 మీటర్ల ఎత్తున ఉన్న ఆ గుడి దగ్గరా గాలిలో ఆక్సిజన్ వాటా నూటికి 21 పాళ్లే. తగ్గేది గాలి పీడనం. రాజమండ్రిలో 760 మిల్లీమీటర్ల పాదరసానికి దగ్గరగా ఉండేది, అక్కడ సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది. అంటే ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి నెట్టే ఒత్తిడి సన్నగిల్లుతుందన్నమాట.

మెదడు శరీర బరువులో 2 శాతం. వాడుకునే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. ఆ ఆక్సిజన్ ఖర్చయ్యేది ముఖ్యంగా ఏటీపీ తయారీకి. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టే శక్తి రూపం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దీన్ని కండరం నుంచి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఆక్సిజన్ చాలనప్పుడు ఏటీపీ విరిగి ఎడినోసిన్ పోగవుతుంది. నాళాలను విప్పార్చే పదార్థాల్లో ఇదొకటి, ఒక్కటే కాదు.

‘విప్పారడం’ అంటే చిన్న ధమనుల గోడలోని నునుపు కండరం సడలి, లోపలి దారి వెడల్పు కావడం. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 మిల్లీమీటర్ల కిందికి దిగితే ఇది స్పష్టంగా కనబడుతుంది. అయితే చిక్కు ఇక్కడే. కొండ మీద ఊపిరి వేగంగా తీస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, అది తగ్గితే మెదడు నాళాలు ముడుచుకుంటాయి. ఆక్సిజన్ లేమి తెరవమంటుంది, కార్బన్ డయాక్సైడ్ లేమి మూయమంటుంది. మొదట పైచేయి తెరవడానిదే. 1966లో సెవరింగ్‌హౌస్ బృందం ప్రచురించిన కొలతల్లో, 3,810 మీటర్ల ఎత్తున 6–12 గంటలకు మెదడు రక్తప్రవాహం సగటున 24 శాతం పెరిగింది. మూడు నుంచి ఐదు రోజులకు ఆ పెరుగుదల 13 శాతానికి దిగింది. దిగడం నాళాల అలసట కాదు: ఊపిరి ఇంకా బలపడి రక్తానికి ఆక్సిజన్ మెరుగ్గా అందుతోంది గనుక అంత ప్రవాహం అక్కర్లేకపోయింది.

ఇక ‘కొత్త కేశనాళికలు’. ఉన్న కాలువకు తూము ఎత్తడం వేరు, కొత్త బోదె తవ్వడం వేరు. ఆక్సిజన్ తగ్గితే కణాల్లో హిఫ్-1 అనే ప్రోటీన్ నిలదొక్కుకుని, నాళాలను మొలిపించే వీఈజీఎఫ్‌ను పుట్టిస్తుంది. హిఫ్‌ను కనుగొన్న సెమెంజాకు, మరో ఇద్దరితో కలిపి, 2019లో నోబెల్ వచ్చింది. సగం వాతావరణ పీడనంలో మూడు వారాలు ఉంచిన ఎలుకల మెదడులో కేశనాళికల సాంద్రత బాగా పెరిగింది; మామూలు గాలికి తెచ్చాక అదనపువి కొన్ని వారాల్లో అంతరించాయి. అంటే ఇది వారాల పని. ఫాటాలో హెలికాప్టరెక్కి కొద్ది నిమిషాల్లో కేదార్‌నాథ్‌లో దిగిన యాత్రికుడికి ఇందులో పాలు లేదు. ఆయనకున్నది తూము ఒక్కటే.

చివరిది ‘మెదడు వాపు’. నాళాల గోడలు కారి, నీరు మెదడు కణజాలంలోకి చేరడం. తలనొప్పి, వికారం తొలి హెచ్చరికలు. మాట తడబడటం, ఒక కాలి మడమను మరో కాలి వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవలేకపోవడం ప్రమాద సూచనలు. వీటికి కర్పూరం వాసన మందు కాదు: ముక్కులో చల్లగా ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. ఈ గుర్తులు కనబడితే దర్శనం మాట పక్కనపెట్టి, రోగిని వెంటనే కిందికి దించండి. ఆక్సిజన్, డెక్సామెథసోన్ అనే మందు దారిలో ఇప్పించవచ్చు.