మెట్లపై గమకము: ఒక జాజ్ గిటారు రికార్డు, పాలకొల్లు మాండలిన్

తీగవాద్యములకు మొదటినుండియు ఒక లోటు కలదు. వాని నాదము మధురమేగాని చిన్నది. నలుగురు కూర్చున్న గదిలో వినవచ్చు సొగసు నాలుగువందలమంది కూర్చున్న పందిరిలో వినరాదు. వీణ విషయమున మన పెద్దలు ఈ కష్టమును చిరకాలము అనుభవించిరి. అమెరికాలో గిటారు వాయించువారికిని ఇదియే కష్టము. ఈ రెండు కథలును విద్యుచ్ఛక్తి వలన మలుపు తిరిగి, తుదకు ఒకే వేదికపై కలిసికొన్నవి. ఆ కలయికలో మన గోదావరి సీమకు పాలు కలదు.

జాజ్ అనునది అమెరికా దక్షిణభాగమున, న్యూ ఆర్లియన్స్ నగరమున, నల్లజాతి విద్వాంసుల చేతులలో రూపుదిద్దుకొన్న సంగీతము. మన రాగాలాపనలోవలెనే ఇందును మనోధర్మమునకు ప్రధానస్థానము. అయితే పెద్ద మేళములలో బూరల మ్రోత నడుమ గిటారు చేయగలిగినది తాళమునకు తోడుగా మీటుట మాత్రమే. 1936లో గిబ్సన్ సంస్థ విద్యుత్ గిటారును అమ్మకమునకు తెచ్చినది. తీగల క్రింద అయస్కాంతము, దానికి చుట్టిన సన్నని రాగితీగ ఉండును. పైనున్న ఉక్కుతీగ కదలినపుడు రాగితీగలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని పెంచి స్పీకరునకు పంపుదురు. ఇచ్చట పెద్దదిగా వినవచ్చునది తీగ కదలికయే.

ఆ గిటారును చేపట్టి చరిత్ర మార్చినవాడు చార్లీ క్రిస్టియన్. 1916లో టెక్సాసులో పుట్టి ఓక్లహోమా నగరమున పెరిగిన ఈ యువకుడు 1939లో బెన్నీ గుడ్‌మన్ మేళమున చేరెను. 1941 మార్చి 4న ఆ మేళము ‘సోలో ఫ్లైట్’ అను రచనను రికార్డు చేసినది. దాని నిడివి మూడు నిమిషములైనను లేదు. అందు మేళమంతయు పక్కవాద్యమై నిలువగా, గిటారు ముందునకు వచ్చి, ఒక్కొక్క స్వరమును విడివిడిగా పలుకుచు పొడవైన సంగతుల నల్లినది. శాక్సఫోను ఊదువాని ఊపిరి తీగలోనికి దిగినట్లుండును. మరుసటి సంవత్సరము మార్చి నెలలోనే, 25 ఏండ్ల వయసున, క్షయవ్యాధి ఆయనను బలిగొన్నది.

ఇక మన సీమకు వత్తము. రామచంద్రపురమునకు చేరువనున్న ద్రాక్షారామమున 1922లో ఈమని శంకరశాస్త్రిగారు జన్మించిరి. వీణావాదనమున అగ్రగణ్యులై, ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందమునకు రచనలు చేసి నడిపించిరి. వీణకు మైక్రోఫోను ఒక వరము. సభామండపమున వెనుక వరుసకు చేరని అనుస్వరము రేడియో గల ప్రతి యింటికిని చేరినది.

ద్రాక్షారామమునుండి గౌతమిని, వసిష్ఠను దాటినచో పాలకొల్లు. అచ్చట 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ జన్మించెను. బాల్యముననే తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను చేతబట్టెను. గిటారు విద్వాంసులు వాసూరావుగారు పాశ్చాత్యసంగీతమును పరిచయము చేసిరి. కర్ణాటక సంగీతమునకు గురువు, చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు. గురువునకు మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు ఆ పాటను తీగపై పలికించెడివాడు. పాటనుండియే వాద్యమును నేర్చుటవలన అతని వ్రేళ్లు మొదటినుండియు గాత్రమునే వెంబడించినవి.

మాండలిన్ ఇటలీదేశపు వాద్యము. ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జంటతీగలను ఒక్కసారిగా లాగి గమకము పలికించుట కష్టము. మీటిన నాదము కూడ వెంటనే ఆరిపోవును. మెట్లు గల ఈ విదేశవాద్యముపై మన రాగము నిలుచునా యను సందేహము సహజమే. శ్రీనివాస్ జంటలను విడిచి ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించెను. విద్యుత్తు క్రిస్టియన్ గిటారునకు గట్టిదనము నిచ్చినది. ఇచ్చట అది నాదమునకు నిలకడ నిచ్చి, ఒక్క మీటుతో గమకమంతయు పూర్తియగు వ్యవధిని కల్పించినది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరి. 1983లో, 14 ఏండ్ల వయసున, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను.

అటువైపునుండి మరియొకరు మన వాకిటికి నడచి వచ్చుచుండిరి. ఆంగ్ల జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున వీణ నభ్యసించెను. ఆయన ‘శక్తి’ బృందపు తొలి రికార్డు 1976లో వెలువడినది. అప్పటి ఆయన గిటారున మెట్ల నడుమ కొయ్యను లోతుగా తొలిపించిరి. తీగను నొక్కుటకును లాగుటకును చోటు దొరకినది. వీణపై మైనపుకట్టున మెట్లను ఎత్తుగా నిలుపుటలోని మర్మమును ఇదియే. తరువాత ఆ బృందమే ‘రిమెంబర్ శక్తి’గా మరల రూపొందగా శ్రీనివాస్ అందు చేరెను. 2000లో వెలువడిన ‘ది బిలీవర్’ రికార్డులో గిటారును మాండలిన్‌ను ప్రశ్నోత్తరములవలె సాగును.

ఏది మన వాద్యము? వయొలిన్ పడమటినుండి వచ్చినదే. బాలుస్వామి దీక్షితులవారు దానిని చేపట్టిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి సొత్తైనది. వాద్యము పుట్టిన దేశమును రాగము అడుగదు. శ్రుతి నిలిచినదా, గమకము పలికినదా యని మాత్రమే అడుగును. ఒక హెచ్చరిక కూడ చేయవలెను. విద్యుత్తు సుస్వరముతోపాటు అపస్వరమును సైతము పెద్దది చేయును. సాధన లేని చేతికి అది శత్రువు.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో 45 ఏండ్లకే అస్తమించెను. క్రిస్టియన్ విషయమునవలె ఇచ్చటను మనకు మిగిలినది రికార్డే. వీలుగల వారు ‘సోలో ఫ్లైట్’ను విని, వెంటనే శ్రీనివాస్ వాయించిన కీర్తన నొకదానిని వినవలెను. భాషలు రెండైనను, చిన్న గొంతుక గల వాద్యము తొలిసారి తలయెత్తి మాటలాడిన సంతోషము రెండింటను ఒక్కటే.