బైట్లు వేరు, అక్షరాలు వేరు



పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రాంతో మీరు ఒక బొమ్మ ఫైలును తెరిచారనుకోండి. మొదటి బైటు దగ్గరే "దీన్ని చదవలేను" అంటూ ప్రోగ్రాం ఆగిపోయింది. ఫైలు చెడిపోలేదు. మరి పొరపాటు ఎక్కడుంది? ఇది అర్థం కావాలంటే కొంత చరిత్ర తెలుసుకోవాలి.

నిజానికి ఏ ఫైలులోనూ అక్షరాలు ఉండవు. 0 నుంచి 255 వరకు విలువగల బైట్లు మాత్రమే ఉంటాయి. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ ప్రమాణంలోని 128 సంకేతాలు ఇంగ్లీషుకు సరిపోయాయి. మిగిలిన 128 విలువలను ఒక్కో ప్రాంతం ఒక్కో విధంగా వాడుకుంది. మన దేశంలో 1991లో వచ్చిన ఇస్కీ ప్రమాణం ప్రకారం తెలుగులో 164 అంటే 'అ'. పశ్చిమ ఐరోపా వాడిన లాటిన్-1లో అదే 164 ఒక ద్రవ్య చిహ్నం!

ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడింది. అందులో 'అ' సంఖ్య 3077. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యుటిఎఫ్-8 పద్ధతిలో ఇది 224, 176, 133 అనే మూడు బైట్లుగా మారుతుంది.

ఇక పైథాన్ సంగతి చూద్దాం. గిడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన ఈ భాష మొదట్లో బైట్ల వరుసనే పాఠ్యంగా భావించేది. 2000లో వచ్చిన 2.0 యూనికోడ్‌ను చేర్చింది. కానీ రెండింటినీ కలిపినప్పుడు బైట్లను ఆస్కీగానే అనుకునేది. అందువల్ల ఇంగ్లీషు పేర్లతో సాఫీగా నడిచిన ప్రోగ్రాం, ఒక్క తెలుగు పేరు రాగానే ఆగిపోయే ప్రమాదం ఉండేది.

2008 డిసెంబరులో వచ్చిన 3.0 ఈ రెండింటినీ పూర్తిగా విడదీసింది. ఇందుకోసం ఎన్నో పాత ప్రోగ్రాములను సవరించవలసి వచ్చింది. పాత పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1న గాని ముగియలేదు.

ఇప్పుడు మన బొమ్మ దగ్గరకు వద్దాం. ఏమీ చెప్పకపోతే పైథాన్ 3 ప్రతి ఫైలునూ పాఠ్యంగానే తెరుస్తుంది. 1996లో వెలువడిన పిఎన్‌జి పద్ధతిలో బొమ్మ ఫైలు మొదటి బైటు 137. యుటిఎఫ్-8లో ఏ అక్షరమూ 137తో మొదలుకాదు. ఆగిపోవడానికి కారణం ఇదే. పొరపాటును పట్టించుకోవద్దని ఆదేశిస్తే చదవలేని బైట్లు రాలిపోతాయి, బొమ్మ పాడవుతుంది. ఫైలును బైనరీ పద్ధతిలో తెరవడమే సరైన మార్గం. అప్పుడు బైట్లు ఉన్నవి ఉన్నట్లే అందుతాయి.

కాబట్టి ఫైలు తెరిచే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది పాఠ్యమేనా? అయితే ఏ సంకేత పద్ధతిలో ఉంది?