ఇంగ్లీషు అక్షరాల్లో మన ఊళ్ళు, మన పేర్లు

బెంగళూరు నుంచి హైదరాబాదుకు రైలులో వెళ్ళే మన విద్యార్థులు అనంతపురం దాటాక గుత్తి స్టేషనును చూసే ఉంటారు. ఆ పేరుకు ఇంగ్లీషు స్పెల్లింగు జి, రెండు ఓలు, టి, వై. తెలుగు రాని ప్రయాణికులు దాన్ని 'గూటీ' అని చదువుతారు. తప్పు రాసినవారిదా, చదివినవారిదా? ఇద్దరిదీ కాదని మా అభిప్రాయం. ఆ స్పెల్లింగు వెనుక ఉన్న చరిత్రను స్థూలంగా పరిశీలిద్దాం.

కంపెనీ కాలపు ఇంగ్లీషు ఉద్యోగులు ఊళ్ళ పేర్లను తమ చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. 'బుక్', 'ఫుట్' అనే మాటల్లో రెండు ఓలకు పలికేది హ్రస్వ ఉకారమే. కాబట్టి వారి లెక్కలో గుత్తికి అదే సరైన స్పెల్లింగు. 'కట్', 'బట్' మాటల్లోని యు మన అకారానికి దగ్గరగా ఉంటుంది. అందుచేత కడపను సి, యు లతో మొదలుపెట్టారు. 2005లో దాన్ని కె, ఎ లుగా సవరించారు. నందిదుర్గానికీ మొదట ఎన్, యు లే వాడారు. కోలారు బంగారు గనుల్లో ఒకదానికి ఆ స్పెల్లింగే ఉండేది. పంజాబు పేరులో ఆ యు నేటికీ నిలిచి ఉంది.

'ఊరు' అనే ఒక్క మాటే మూడు రూపాలు ధరించింది. నెల్లూరు చివర ఓ, ఆర్, ఇ. చిత్తూరు చివర రెండు ఓలు, ఆర్. గుంటూరు చివర యు, ఆర్. మూడింటిలోనూ మన చివరి ఉకారం జారిపోయింది. బెంగళూరుకూ మైసూరుకూ ఆ ఉకారం 2014 నవంబరు 1న ప్రభుత్వ నిర్ణయంతో తిరిగి దక్కింది. పదం చివర అచ్చును పలికే అలవాటు కన్నడానికీ తెలుగుకూ ఉమ్మడిది కదా!

చెవిని బట్టి రాసే ఈ పద్ధతికి భిన్నంగా, ఒక ధ్వనికి ఒకే అక్షరం ఉండాలని 1788లో విలియం జోన్స్ ప్రతిపాదించారు. ఆ దారిలోనే విలియం హంటర్ 1871లో ప్రభుత్వ అవసరాల కోసం భారతీయ నామాల స్పెల్లింగుపై ఒక మార్గదర్శిని వెలువరించారు. ఈ పద్ధతి వాడుకలో త, ట రెండింటికీ టి అక్షరమే సరిపోయింది. ఉత్తరాది పేర్లు చాలావరకు ఇలాగే స్థిరపడ్డాయి.

దక్షిణాదిలో మనుషుల పేర్లు మరో దారి పట్టాయి. మన చెవికి ఇంగ్లీషు టి అంటే 'ట': టికెట్టు, టేబులు, టీ. అలాంటప్పుడు 'త'కు ఏం రాయాలి? 'థాంక్స్' అనే మాటలో ఉన్న టి, హెచ్ జంట అందుకు పనికివచ్చింది. అందుకే మన గీతకూ, లతకూ, శ్రీకాంతుకూ హెచ్ తోడైంది. తిరుపతి ఊరికి హెచ్ లేదు; అదే పేరున్న మనిషికి తరచు ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఉత్తరాదివారు ఆ జంటను 'థ' అని చదువుతారు. ఉత్తర దక్షిణాలు ఒకే కార్యాలయంలో కలిసే బెంగళూరులో 'గీథ' అని పిలిపించుకున్న అమ్మాయిలను మేము చూశాం. తన పేరు తప్పుగా రాసుకున్నానేమోనని వారిలో కొందరు సంకోచించడమూ చూశాం. ఆ సంకోచానికి కారణం లేదు. అవి రెండు వేర్వేరు సంప్రదాయాలు.

ఉచ్చారణ సంగతీ ఇంతే. మనం 'కారు', 'డాక్టరు' అని రేఫను స్పష్టంగా పలుకుతాం. లండను ప్రామాణిక ఉచ్చారణలో అది వినిపించదు. స్కాట్లండు, ఐర్లండులలోనూ, అమెరికాలో చాలాచోట్లా వినిపిస్తుంది. ఉత్తర ఇంగ్లండులో బస్సును 'బుస్' అనేవారున్నారు. 'కలర్' అనే మాటకు జాన్సన్ నిఘంటువు (1755) యు ఉంచితే, అమెరికాలో వెబ్‌స్టర్ నిఘంటువు (1828) తీసివేసింది. ఇంగ్లీషు తన ఇంట్లోనే ఒక్కటిగా లేదు. 1958లో హైదరాబాదులో ఏర్పడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ 1969లో ఆర్.కె. బన్సల్ పరిశోధనను ప్రచురించింది. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతున్నది అన్నదే అందులోని ప్రశ్న. మనమూ వేసుకోవలసిన ప్రశ్న అదే. ఎదుటివారికి అర్థం కాని చోట ఉచ్చారణను దిద్దుకోవాలి. కేవలం యాస వినిపించినందుకు సిగ్గుపడనక్కరలేదు.

కోలారు, చిక్కబళ్ళాపురం, బళ్ళారి ప్రాంతాల నుంచి వచ్చే మన విద్యార్థులకు ఈ మాట మరీ అవసరం. వారి ఇంగ్లీషును నగరంలో కొందరు దిద్దుతారు. వారి తెలుగును ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు వెళ్ళినప్పుడు మరికొందరు దిద్దుతారు. రెండుచోట్లా తేడాను తప్పుగా లెక్కించడమే జరుగుతోంది.

అయితే ఇది చదివి ఎవరూ తమ పేరు స్పెల్లింగును మార్చుకోవద్దని మనవి. సర్టిఫికెట్టులో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి ఉంటే చరిత్ర ఆదుకోదు. ఇంట్లో తాతగారి పాత దస్తావేజులుంటే తీసి, మీ ఊరి పేరు ఇంగ్లీషులో ఎలా రాశారో చూడండి. ఆ స్పెల్లింగులో, ఆ పేరు విని రాసినవారి చెవి ఎలాంటిదో తెలుస్తుంది.