కడుపులోని బిడ్డకు కాంతి కొలత

గర్భస్థ శిశువు తన ఊపిరితిత్తులతో శ్వాసించదు; తల్లి రక్తం నుంచి మాయ ద్వారా, బొడ్డుతాడు గుండా అందే ఆక్సిజనే దానికి ఆధారం కాబట్టి, నొప్పుల వేళ గర్భాశయం బిగిసిన ప్రతిసారీ ఆ సరఫరా కొంత తగ్గి, బిగువు సడలగానే తిరిగి పుంజుకుంటుంది. ఈ పుంజుకోవడం ఎప్పుడు కుంటుపడుతుందో పసిగట్టడం ప్రసూతి వైద్యానికి చిరకాలంగా చిక్కు ప్రశ్నే. 1821లో పారిస్ వైద్యుడు కెర్గరాదెక్, అప్పటికి కొత్త పరికరమైన స్టెతస్కోపును గర్భిణి పొట్టపై ఆనించి శిశువు గుండె చప్పుడు విన్నట్లు ప్రకటించిన నాటి నుంచి, ఆక్సిజన్‌ను నేరుగా కొలవలేక గుండె వేగాన్ని బట్టి అంచనా కట్టే పద్ధతి స్థిరపడింది. 1958లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ హాన్ ఆ వేగాన్ని విద్యుత్ సంకేతంగా ఎడతెగక నమోదు చేసే మార్గం చూపినా, యంత్రం చెప్పిందీ గుండె సంగతే గాని రక్తం సంగతి కాదు. సుమారు 13,000 మంది స్త్రీలతో డబ్లిన్‌లో జరిగి 1985లో వెలువడిన పరిశీలనలో, నిరంతర నమోదు వల్ల నవజాత శిశువుల్లో మూర్ఛలు తగ్గాయి గాని మరణాలు తగ్గలేదు.

రక్తాన్నే ప్రశ్నించే ఉపాయం కాంతిలో దొరికింది. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తున్నప్పుడు ఒక తీరుగా, విడిచిపెట్టాక మరో తీరుగా కాంతిని పీల్చుకుంటుంది. కంటికి కనిపించే ఎరుపును దాటిన వెంటనే ఉండే సమీప పరారుణ కాంతిని రక్తం, నీరు రెండూ తక్కువగానే పీల్చుకుంటాయి కనుక అది చర్మాన్నీ ఎముకనూ దాటి లోపలికి పోగలదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రాన్స్ యోబ్సిస్ 1977లో దీన్ని మెదడుకు అన్వయించి చూపగా, తర్వాతి దశాబ్దంలో అదే పద్ధతి నెలలు నిండని పసికందుల తలలపైకి, 1990ల ఆరంభంలో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకుల చేతుల్లో ప్రసవమవుతున్న శిశువు తలపైకి వచ్చింది. ఉమ్మనీటి సంచి పగిలాక గర్భాశయ ముఖద్వారం గుండా కాంతి గ్రాహకాన్ని జొప్పించి, మాడుకు ఆనించి నిలపవలసి రావడంతో, జుట్టు, తడి, తల కదలిక అన్నీ కొలతకు అడ్డుపడేవి.

దీని తోబుట్టువైన పల్స్ ఆక్సిమెట్రీ, అంటే నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే కాంతిని బట్టి ధమని రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని లెక్కించే పద్ధతి, ఆసుపత్రుల్లో పెద్దల వేళ్లపై అప్పటికే కుదురుకుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడిలో 95 శాతానికి పైనుండే ఆ విలువ, ప్రసవ సమయంలో శిశువులో 30 నుంచి 60 శాతం మధ్యే ఉంటుంది గనుక, పెద్దల పరికరంలో వాడే 660 నానోమీటర్ల ఎరుపు ఇక్కడ నమ్మదగ్గది కాదు. అందుకే శిశువు చెంపకు ఆనే పరికరంలో దాని స్థానంలో 735 నానోమీటర్ల కాంతిని తెచ్చి, 890 నానోమీటర్ల పరారుణంతో జతచేశారు. ఈ సాంకేతిక సవరణ నిజంగా మెచ్చదగినది. 2000లో అమెరికా ప్రభుత్వ అనుమతీ లభించింది.

అయితే అదే ఏడు వెలువడిన, 1,010 మంది స్త్రీలపై జరిగిన పరిశీలనలో శిశువు స్థితిపై అనుమానంతో చేసే సిజేరియన్లు సగానికి పైగా తగ్గినా, ప్రసవం ముందుకు సాగడం లేదన్న కారణంతో చేసేవి పెరగడంతో మొత్తం లెక్కలో మార్పు రాలేదు. 2006లో ప్రచురితమైన మరింత పెద్ద పరిశీలనలో 5,341 మంది తొలిచూలు గర్భిణులందరికీ పరికరం అమర్చి, సగం మంది విషయంలోనే అంకెలను వైద్యులకు చూపగా, సిజేరియన్ రేటు చూపినవారిలో 26.3 శాతం, చూపనివారిలో 27.5 శాతంగా తేలింది. గణాంక దృష్టిలో ఇది తేడాయే కాదు. పరికరం మార్కెట్లో నిలవలేదు.

పొట్టపై నుంచే, లోపలికి దేన్నీ చొప్పించకుండా శిశువు రక్తాన్ని చదవాలన్న ఆలోచన శాస్త్రవేత్త బ్రిటన్ చాన్స్ బృందం 2000 ప్రాంతంలో చేసిన ప్రయోగాలతో బలపడింది. కాంతి తల్లి కొవ్వునూ కండరాన్నీ దాటి సెంటీమీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావాలి. వచ్చిన కొద్దిపాటి కాంతిలోనూ అధికభాగం తల్లి రక్తపు జాడే కాబట్టి, నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే శిశువు గుండె లయను ఆధారం చేసుకుని, అంతకన్నా నెమ్మదిగా సాగే తల్లి నాడి నుంచి దాన్ని వేరుచేస్తారు. తల్లి నాడి వేగం పెరిగి, ఆ వేగానికి గుణిజాలైన పైలయలు శిశువు లయతో కలిసిపోయినప్పుడు ఈ వేర్పాటు కష్టమవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో చూలు గొర్రెలపై పరీక్షలు జరిపిన పరిశోధకులతో సహా ఈ రంగంలో పనిచేస్తున్నవారు ఎదుర్కొంటున్న ప్రధాన సమస్యల్లో ఇదొకటి.